నాలుగో లైను తర్వాత ఐదో లైను

(గుంటూరులో వెబ్ డెవలపర్లకు, ఇంజనీరింగ్ విద్యార్థులకు జరిగిన శిక్షణ తరగతిలో, ప్రయోగానికి ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మౌస్ పట్టుకోలేని మనిషి, లేదా పట్టుకోదలచని మనిషి, మనం తయారుచేసిన వెబ్‌సైటులో మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తాడు, ఎక్కడ ఆగిపోతాడు, అలా ఆగిపోవడంలో మన చేతిపని ఎంత అన్నదే ఈ పూట మాట్లాడుకోవలసిన విషయం. దీన్ని నాకు నేర్పింది మా నాన్నగారు. ఆయన ప్రోగ్రామర్ కారు. ముప్ఫై ఏళ్లకు పైగా కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ లోయరు, హయ్యరు రెండూ పాసైనవారు. కళ్లు కాగితం మీదే ఉండేవి, వేళ్లు వాటంతట అవే మీటల మీద నడిచేవి. అరవై దాటాక ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు అంతగా తెలియదు, దేన్నైనా పట్టుకోబోతే ఎక్కువవుతుంది. మౌస్ పట్టుకుంటే తెర మీద బాణం ఈగలా తిరుగుతుంది, ఎలాగో బటన్ మీదికి తెచ్చినా నొక్కేలోపు పక్కకు జారిపోతుంది. అదే కీబోర్డు ముందు రెండు మణికట్లూ బల్ల అంచుకు ఆనించి కూర్చుంటే వేళ్లు ఇప్పటికీ ఆయన మాట వింటాయి.

2021లో ఒకరోజు ఆయన హైదరాబాదులో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్లడానికి బస్సు టికెట్టు తీసుకోబోయారు. ఆయన తెరిచిన పేజీ నేను ఒక ట్రావెల్స్ వారికి రాసి ఇచ్చినది. ఆ సంగతి ఆయనకు తెలుసు, అందుకే పక్క సైట్లను వదిలి దాన్నే తెరిచారు. ఎక్కే ఊరు, దిగే ఊరు, తేదీ అన్నీ ట్యాబ్ మీటతో ఒకదాని తర్వాత ఒకటి చక్కగా పూర్తిచేశారు. సీట్ల పటం వచ్చింది. ట్యాబ్ నొక్కారు. తెర మీద ఎక్కడా ఏమీ కదలలేదు. మళ్లీ నొక్కారు, మళ్లీ నొక్కారు. నాలుగోసారి పేజీ ఒక్కసారిగా అట్టడుగుకు దూకి "రద్దు నిబంధనలు" అనే లింకు దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అదే జరిగింది. "అమ్మాయ్, బస్సు కనపడుతోంది గానీ ఎక్కడానికి మెట్టు లేదమ్మా" అన్నారు. ఆ నలభై సీట్లు రాసిన చేతులు నావి. గుంటూరులో ఆయనకంటే బాగా కీబోర్డు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో నేను చెప్పలేను గానీ, అంత తెలిసిన మనిషిని ఆ కీబోర్డు ముందే నిలబెట్టేసిన పేజీ నాది.

ఆ రాత్రి కూర్చుని కోడ్ చూసుకుంటే కారణం కనుక్కోవడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. నలభై సీట్లనూ నలభై డివ్‌లుగా రాసి, ఒక్కొక్కదానికి క్లిక్ అయినప్పుడు ఏం జరగాలో జావాస్క్రిప్టులో చెప్పాను. డివ్ అంటే బ్రౌజర్ దృష్టిలో ఖాళీ పెట్టె. రంగు వేసి, గుండ్రటి అంచులు దిద్ది సీటులా కనిపించేట్టు చేసింది నా సీఎస్‌ఎస్. అది నొక్కవలసిన వస్తువని బ్రౌజర్‌కు నేను ఎక్కడా చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ట్యాబ్ దాని దగ్గర ఆగదు, ఎంటర్ దానికి వినపడదు, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని "బటన్" అని పలకదు. మౌస్‌కు మాత్రం ఇవేవీ అక్కర్లేదు, ఎక్కడ నొక్కినా క్లిక్ అందుతుంది. నేను పరీక్షించిందంతా మౌస్‌తోనే కాబట్టి నా కంటికి అది ఏ లోపమూ లేని పేజీగానే కనిపించింది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. కీబోర్డుతో నడవడం మనం కొత్తగా చేర్చవలసిన సదుపాయం అనుకునేవారు మన వృత్తిలో చాలామంది ఉన్నారు. అలా అనుకోవడం వల్లే అది "తర్వాత చూద్దాం" జాబితాలోకి పోతుంది. నిజానికి ఏ అలంకారమూ లేని హెచ్‌టీఎంఎల్ పేజీ, లింకులు, బటన్లు, ఫారం గడులు ఉన్నవి ఉన్నట్టుగా రాసిన పేజీ, పుట్టుకతోనే కీబోర్డుతో నడుస్తుంది. బ్రౌజర్ ఆ పని మనకు ఉచితంగా చేసిపెట్టి ఇస్తోంది. దాన్ని తీసేస్తున్నది మనమే. కాబట్టి మన పనిలో సగానికి పైగా ఇచ్చినదాన్ని తీసేయకుండా ఉండడమే.

మౌస్ లేకుండా నడిచేవారు ఎవరు అన్నది ఒకసారి చూద్దాం. చూపు లేనివారు తెర మీద బాణం ఎక్కడుందో చూడలేరు కాబట్టి ఎన్‌వీడీఏ, జాస్ వంటి స్క్రీన్ రీడర్లతో, పూర్తిగా మీటల మీదే పనిచేస్తారు. ఎన్‌వీడీఏ ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది, ఇవాళ తెలుగును కూడా చదువుతుంది. వెన్నుపూసకు దెబ్బ తగిలి చేతులు కదపలేనివారు నోటితో పట్టుకున్న కర్రతో మీటలు నొక్కుతారు, లేదా ఒకే ఒక స్విచ్చును తలతోనో మోకాలితోనో నొక్కి పేజీలో ముందుకు జరుగుతారు. పక్షవాతం వచ్చినవారు, వేళ్ల కీళ్లు బిగుసుకున్నవారు, రోజంతా మౌస్ పట్టి మణికట్టు నొప్పి తెచ్చుకున్న మన తోటి ఉద్యోగులు, వీరంతా ఈ వరసలోనివారే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లమంది, వారిలో చూపుకు సంబంధించినవారు 50 లక్షలు, కదలికకు సంబంధించినవారు 54 లక్షలు.

అయితే వైకల్యం ఊసే లేనివారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. మన మిర్చియార్డులో కమిషన్ కొట్లకు ఒకసారి వెళ్లి చూడండి. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, ధర ఎక్కించే గుమాస్తా చెయ్యి అంకెల మీటల మీద నుంచి లేవదు. మౌస్ పట్టుకోవలసి వస్తే విసుక్కుంటాడు, ఎందుకంటే అవతల రైతు లెక్క కోసం నిలబడి ఉంటాడు. ఇంట్లో టీవీ ముందు రిమోట్ పట్టుకుని నాలుగు బాణాలతో ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు వెళ్లే ప్రతి మనిషీ, ఆ కాసేపు మౌస్ లేకుండా నడిచే మనిషే.

మౌస్ వచ్చిన దారిని గుర్తు చేసుకోవడం కూడా మంచిదే. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను తొలిసారి సభలో చూపించినప్పుడు ఆయన కుడిచేతిలో మౌస్ ఉంది, మధ్యలో కీబోర్డు ఉంది, ఎడమచేతి కింద ఐదు మీటల పరికరం ఇంకొకటి ఉంది. ఎవరి చేతికి ఏది అందితే దానితో పని జరగాలన్న ఊహ అందులో ఉంది. 1984లో వచ్చిన తొలి మ్యాకింతోష్ కీబోర్డుకు బాణం గుర్తుల మీటలే లేవు. 1986లో మ్యాకింతోష్ ప్లస్ వచ్చాకే అవి ఆ కీబోర్డు మీదికి చేరాయి. ఆ మధ్యకాలంలో చేతితో మౌస్ పట్టలేనివాడి గతి ఏమిటన్న ప్రశ్న అప్పుడు ఎందరికి తోచిందో గానీ, ఇప్పుడు మనకు తోచి తీరాలి.

ఇక పని విషయానికి వస్తాను. మొదటిది వరస. ఈ ఊరివారికి దీన్ని వివరించడం నాకు చాలా సులువు. బ్రాడీపేటలో 4/7 అని చిరునామా చెబితే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని రిక్షా లాగేవారికి సైతం తెలుసు. నాలుగో లైను దాటితే ఐదో లైను వస్తుందన్న నమ్మకం మీదే మనం అక్కడ నడుస్తాం. నాలుగు తర్వాత పదకొండు వచ్చి, తర్వాత రెండు వస్తే, పుట్టి పెరిగినవాళ్లం కూడా దారి తప్పుతాం. ట్యాబ్ మీట పేజీలో నడిచే దారి కూడా ఇలాంటిదే. హెచ్‌టీఎంఎల్‌లో మనం ఏ వరసలో రాశామో ఆ వరసలోనే అది నడుస్తుంది. తెర మీద ఎలా అమర్చామన్నది దానికి పట్టదు. సీఎస్‌ఎస్‌లో వరసను తిరగేసే సౌకర్యాలు వచ్చాక మనం కోడ్‌లో ముందున్న దాన్ని తెర మీద వెనక్కి, వెనకున్నదాన్ని ముందుకు జరపడం అలవాటు చేసుకున్నాం. "రద్దు", "చెల్లించు" అని రెండు బటన్లుంటే, తెర మీద కనిపించే వరస ఒకటి, ట్యాబ్ వెళ్లే వరస ఇంకొకటి అయిపోతుంది. డబ్బు కట్టే చోట అలా కావడం చిన్న తప్పు కాదు. దీన్ని సరిచేద్దామని కొందరు, ట్యాబ్ ఆగే వరసను చెప్పే ట్యాబ్‌ఇండెక్స్ అనే గుణానికి 1, 2, 5 అని అంకెలు ఇస్తారు. అలా అంకె ఇచ్చినవన్నీ, పేజీలో ఎంత కింద ఉన్నా సరే, అంకె లేనివాటికంటే ముందుకు వచ్చి కూర్చుంటాయి. సున్నా అంటే మామూలు వరసలో ట్యాబ్ ఆగుతుందని, మైనస్ 1 అంటే ఆగదని అర్థం. ట్యాబ్‌ఇండెక్స్‌కు ఈ రెండూ తప్ప వేరే అంకె ఇవ్వకండి. వరస తప్పినప్పుడు హెచ్‌టీఎంఎల్‌లోనే వస్తువును జరపండి.

రెండోది బటన్. అసలైన బటన్ మూలకాన్ని వాడితే మనకు ఏమేమి దక్కుతాయో చూడండి. ట్యాబ్ ఆగుతుంది. ఎంటర్ నొక్కితే పనిచేస్తుంది, స్పేస్ నొక్కి వదిలితే పనిచేస్తుంది. స్క్రీన్ రీడర్ దాని పేరు చెప్పి, అది బటన్ అని కూడా చెబుతుంది. డిసేబుల్ చేస్తే, అంటే పనిచేయకుండా ఆపితే, ట్యాబ్ దాన్ని దాటిపోతుంది. ఇదంతా ఒక్క పదంతో వస్తుంది. డివ్‌తో ఇదే సాధించాలంటే అది బటన్ అని రోల్‌లో చెప్పాలి, ట్యాబ్‌ఇండెక్స్ సున్నా పెట్టాలి, ఎంటర్‌కూ స్పేస్‌కూ విడివిడిగా కోడ్ రాయాలి. స్పేస్ నొక్కినప్పుడు పేజీ కిందికి జారిపోకుండా ఆపాలి. ఈ ఆఖరిది మరిచిపోని డెవలపర్‌ను నేను అరుదుగా చూశాను. అలాగే లింకుకు బటన్ వేషం వేస్తే స్పేస్‌కు అది పలకదు, ఎంటర్‌కు మాత్రమే పలుకుతుంది. వేరే చోటికి తీసుకువెళ్లేది లింకు, ఉన్నచోటే పని చేసేది బటన్. ఈ తేడా పాటిస్తే సగం గొడవ ఉండదు.

నా సీట్ల పటాన్ని ఎలా బాగుచేశానో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను అందులో రెండుసార్లు తప్పు చేశాను. మొదట నలభై డివ్‌లనూ తీసేసి నలభై చెక్‌బాక్సులు పెట్టాను. ప్రతిదానికీ "సీటు 27, నడవ పక్క, ఖాళీ" అని లేబుల్ రాశాను. నిండిన సీట్లను డిసేబుల్ చేశాను. ఎంతో సంతోషంగా నాన్నగారికి చూపించాను. ఆయన ఖాళీ బస్సులో 27వ సీటుకు వెళ్లబోయి, ఇరవై ఆరుసార్లు ట్యాబ్ నొక్కి, ఇరవై ఏడోసారి ఆపుకోలేక ఒకటి ఎక్కువ నొక్కి ముందుకు పోయారు. "పని జరిగింది గానీ చెయ్యి నొప్పి పుట్టింది" అన్నారు. చేరుకోగలగడం ఒకటి, సుఖంగా చేరుకోవడం ఇంకొకటి అని అప్పుడు అర్థమైంది.

రెండోసారి, ఒక్క ప్రయాణికుడే అయితే, ఒక్కదాన్నే ఎంచుకోనిచ్చే రేడియో బటన్ల గుంపుగా మార్చాను. రేడియో గుంపు మొత్తానికి ట్యాబ్ ఒకే ఒక్కసారి ఆగుతుంది. లోపల బాణం మీటలతో తిరగవచ్చు. నిండిన సీట్లను బ్రౌజర్ తనంతట తానే దాటవేస్తుంది. ఒక్క గీత జావాస్క్రిప్టు రాయకుండా ఇది వచ్చింది. అయితే కింది బాణం నొక్కితే వెనక వరసలోని సీటు రావాలని మనిషి అనుకుంటాడు, బ్రౌజర్‌కు తెలిసింది మాత్రం కోడ్‌లో తర్వాత ఉన్న సీటు. నాన్నగారు ఆరో సీటు దగ్గర కింది బాణం నొక్కి, పదో సీటు వస్తుందనుకుంటే ఏడో సీటు వచ్చింది. మూడోసారి, నాలుగు దిక్కులకూ సరైన సీటుకు తీసుకువెళ్లే చిన్న కోడ్ రాశాను. ఇద్దరు ముగ్గురు ప్రయాణికులున్నప్పుడు రేడియో కుదరదు కాబట్టి, అక్కడ ఒక్క సీటుకు ట్యాబ్‌ఇండెక్స్ సున్నా, మిగతావాటికి మైనస్ 1 ఇచ్చి, బాణం నొక్కినప్పుడు ఆ సున్నాను ఒక సీటు నుంచి ఇంకో సీటుకు జరిపే పద్ధతి పెట్టాను. బాణాలతో తిరగడం, స్పేస్‌తో ఎంచుకోవడం. ఇప్పుడు 27వ సీటుకు ఆయన కింది బాణం ఆరుసార్లు, పక్క బాణం రెండుసార్లు నొక్కుతారు.

మూడోది ఫోకస్ కనిపించడం. ఫోకస్ అంటే మీటలతో నడుస్తూ ఇప్పుడు మనం ఆగి ఉన్న చోటు. మనం ఎక్కడున్నామో తెలియజేసే గీతను బ్రౌజర్ తానే గీస్తుంది. దాన్ని చెరిపేసే "అవుట్‌లైన్ నన్" అనే ఒక్క సీఎస్‌ఎస్ పంక్తి మన ప్రాజెక్టుల్లో ఎన్నిట్లో ఉందో వెతికి చూడండి. దీనికి ఒక చరిత్ర ఉంది. సీఎస్‌ఎస్ నిపుణుడు ఎరిక్ మేయర్ 2008లో ఇచ్చిన, బ్రౌజర్ల సొంత శైలులను తుడిచేసే రీసెట్ సీఎస్‌ఎస్‌లో ఫోకస్ అవుట్‌లైన్‌ను సున్నా చేసే నియమం ఉండేది, దాని పక్కనే మీ సొంత ఫోకస్ శైలిని రాసుకోవడం మరవవద్దన్న హెచ్చరిక కూడా ఉండేది. లోకం నియమాన్ని నకలు చేసుకుంది, హెచ్చరికను వదిలేసింది. 2011 నాటి రెండో రూపంలో ఆయన ఆ నియమాన్నే తీసేశారు. మౌస్‌తో నొక్కినప్పుడు గీత కనపడి అందం చెడుతోందన్నది డిజైనర్ల ఫిర్యాదు. దానికి ఫోకస్-విజిబుల్ అనే సెలెక్టర్ ఉంది, 2022 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటికీ వచ్చేసింది. కీబోర్డుతో వచ్చినప్పుడు గీత చూపించి, మౌస్‌తో బటన్ నొక్కినప్పుడు చూపించకుండా అది చూసుకుంటుంది. ఇక సాకు లేదు. గీత పలచగా, లేత బూడిదరంగులో పెట్టకండి. పక్క రంగుతో వెలుగు నిష్పత్తి (కాంట్రాస్టు) కనీసం 3కు 1 ఉండాలి. ఎండలో, పాత మానిటరు మీద, శుక్లాలున్న కంటితో చూసేవారు కూడా ఉన్నారు.

పేజీ పైన అతుక్కుని ఉండే పట్టీల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కి పైకి వెళుతున్నప్పుడు ఫోకస్ ఆ పట్టీ వెనక దాక్కుంటుంది. మనిషి ఎక్కడో ఉన్నాడు, ఎక్కడున్నాడో కనపడదు. సీఎస్‌ఎస్‌లో స్క్రోల్-ప్యాడింగ్‌కు ఆ పట్టీ ఎత్తు ఇస్తే చాలావరకు సరిపోతుంది.

నాలుగోది చిక్కుకుపోవడం. పాప్-అప్ తెరిచాక మూయడానికి మూలనున్న చిన్న గుణకారం గుర్తును మౌస్‌తో మాత్రమే నొక్కగలిగితే, లోపలికి వెళ్లిన మనిషి బయటికి రాలేడు. పేజీ మూసేసి మొదటి నుంచి మొదలుపెట్టడమే గతి. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పాప్-అప్ పైన కనిపిస్తూ ఉంటుంది, ట్యాబ్ మాత్రం దాని వెనక మసకబారిన పేజీలో తిరుగుతూ ఉంటుంది. హెచ్‌టీఎంఎల్‌లోని డైలాగ్ మూలకాన్ని షోమోడల్ అనే ఆదేశంతో తెరిస్తే ఫోకస్ లోపలికి వెళుతుంది, వెనక పేజీ పలకదు, ఎస్కేప్ నొక్కితే మూతపడుతుంది. మూసిన తర్వాత ఫోకస్ తెరిచిన బటన్ దగ్గరికే తిరిగి రావాలి, పేజీ మొదటికి పోకూడదు. మీరు సొంతంగా రాసుకుంటే ఈ నాలుగు పనులూ మీ మీదే ఉంటాయి.

ఓటీపీ గడుల గురించి ప్రత్యేకంగా చెప్పకపోతే మా నాన్నగారు ఒప్పుకోరు. ఆరు అంకెలకు ఆరు పెట్టెలు పెట్టి, ఒక అంకె కొట్టగానే తర్వాతి పెట్టెకు తోసే పద్ధతి ఇప్పుడు అంతటా కనిపిస్తోంది. ఆయన మూడో అంకె తప్పు కొట్టారు. దిద్దుకోవడానికి షిఫ్ట్, ట్యాబ్ కలిపి వెనక్కి వెళ్లారు. ఆ పెట్టె నిండి ఉంది కాబట్టి కోడ్ ఆయన్ను మళ్లీ ముందుకు తోసింది. వెనక్కి వెళ్లడం, ముందుకు తోయించుకోవడం, ఇలా జరుగుతుండగానే గడువు అయిపోయింది. ఒకే గడి పెట్టి, దానికి ఆటోకంప్లీట్‌లో వన్-టైమ్-కోడ్ అని రాస్తే అందం ఎక్కడికీ పోదు.

ఐదోది, పైనున్న మెనూ. పేజీ తెరిచిన ప్రతిసారీ ముప్ఫై లింకులు దాటితే గాని అసలు విషయం రాదంటే అది హింస. ఊళ్లో పని లేనివాడు బైపాస్ మీదుగా పోతాడు గానీ వన్‌టౌన్ సందుల్లోకి రాడు కదా. పేజీలో మొట్టమొదటి లింకుగా "ప్రధాన విషయానికి వెళ్లండి" అని పెట్టండి. మామూలుగా కనిపించకుండా ఉండి, ట్యాబ్ నొక్కగానే కనిపిస్తే చాలు.

మనకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దాన్ని ఇంగ్లీషు పాఠాలలో మీరు చూడరు. తెలుగు కీబోర్డు పెట్టుకున్న మనిషి దగ్గర ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఎస్ మీట నొక్కితే వచ్చేది ఎస్ కాదు, ఏత్వం గుర్తు. ఎస్ నొక్కితే వెతకడం మొదలవ్వాలని మీరు రాసిన షార్ట్‌కట్ అతనికి పనిచేయదు. ఒంటి అక్షరాల షార్ట్‌కట్‌లు స్క్రీన్ రీడర్లతో కూడా ఢీకొంటాయి. ఎన్‌వీడీఏలో హెచ్ అంటే తర్వాతి శీర్షిక, బి అంటే తర్వాతి బటన్. అందుకే అలాంటి షార్ట్‌కట్‌లను ఆపివేసే వీలో, మార్చుకునే వీలో ఇవ్వాలి. ఇంకొకటి, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు మాట ఎంచుకునేవారు ఆ మాటను ఖాయం చేయడానికి ఎంటర్ నొక్కుతారు. మీరు ఎంటర్ పడగానే ఫారం పంపించేలా కోడ్ రాసి ఉంటే, పేరు సగంలో ఉండగానే ఫారం వెళ్లిపోతుంది. మాట ఇంకా కూర్పులో ఉందా లేదా అన్నది ఈజ్-కంపోజింగ్ అనే గుణం చెబుతుంది, దాన్ని చూసుకోండి. అంతకంటే మంచిది, ఎంటర్‌ను మీరు ముట్టుకోకుండా ఫారం పంపే పనిని బ్రౌజర్‌కే వదిలేయడం. పేజీ తెలుగులో ఉంటే భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో రాయండి, అప్పుడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుతో చదువుతుంది.

ఇవన్నీ నా ఇష్టాయిష్టాలు కావని చెప్పడానికి నియమాల మాట కూడా అవసరం. ఏ పరికరం మీదా ఆధారపడకుండా పేజీ నడవాలన్న మాట 1999 మే నెలలో, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ఇచ్చిన తొలి మార్గదర్శకాల్లోనే ఉంది. 2008 డిసెంబరులో వచ్చిన రెండో రూపంలో అంతా కీబోర్డుతో జరగాలన్నది, ఎక్కడా చిక్కుకుపోకూడదన్నది కనీస స్థాయి నియమాలయ్యాయి. 2018లో, 2023 అక్టోబరులో అవి ఇంకా పెరిగాయి. ఫోకస్ పట్టీల వెనక దాగకూడదన్న నియమం ఈ చివరి రూపంలోనిదే. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం, ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు ఉన్నాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, వికలాంగులకు అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలుగా ఉండాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. నాన్నగారికి ఈ తీర్పు వార్త చదివి వినిపించాను. కోర్టులో పనిచేసిన మనిషి కదా, పేరా పేరా మళ్లీ చదివించుకున్నారు.

పరీక్షించడం గురించి ఒక జాగ్రత్త. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని పనిచేసే వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల హోమ్ పేజీలను యంత్రంతో పరీక్షిస్తే 95.9 శాతం పేజీల్లో లోపాలు బయటపడ్డాయి. అది యంత్రానికి కనిపించినవి మాత్రమే. బొమ్మకు వివరణ లేకపోవడాన్ని యంత్రం పట్టుకుంటుంది. పాప్-అప్‌లో మనిషి చిక్కుకుపోవడం, ఫోకస్ వరస అర్థం లేకుండా ఉండడం దానికి సాధారణంగా తెలియవు. వాటికి మీ వేళ్లే కావాలి. మ్యాక్ మీద సఫారీ వాడేవారు ముందు సెట్టింగుల్లో ట్యాబ్ అన్ని వస్తువుల మీదా ఆగేలా మార్చుకోండి, లేకపోతే లేని తప్పు ఉన్నట్టు కనపడుతుంది.

వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి చీటీ పంపింది. "దీనికి డబ్బులిచ్చేవారు ఒప్పుకోరు, గడువు కూడా ఉండదు, ఏం చేయాలి?" అని. అమ్మా, నీ ప్రశ్న న్యాయమైనదే. డివ్ బదులు బటన్ అని రాయడానికి అదనపు గంట పట్టదు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాలం పట్టేది రాసేసిన తర్వాత విప్పి మళ్లీ కుట్టడానికే. నా సీట్ల పటానికి మూడు వారాంతాలు పోయాయి. మొదటే రేడియో గుంపుగా రాసి ఉంటే ఒక్క పూట పని. కాబట్టి అనుమతి అడగవలసిన పనిగా దీన్ని ఎవరి ముందూ పెట్టకు. అంచనా రాసేటప్పుడు ఫారం పని అని రాస్తావు కదా, అందులోనే ఇదీ ఉంది. పెద్ద క్యాలెండర్లు, సీట్ల పటాలు వంటివి వచ్చినప్పుడు మాత్రం ముందే చెప్పి రోజులు అడుగు. తేదీ కోసం క్యాలెండర్ బొమ్మ పెట్టినా, పక్కనే అంకెలు కొట్టే గడి ఒకటి ఉంచు. మా నాన్నగారు క్యాలెండర్‌ను ఎప్పుడూ తెరవరు, 14-01 అని కొట్టేసి ముందుకు పోతారు.

ఇప్పుడు ప్రయోగానికి వెళదాం. మీ ముందున్న కంప్యూటర్లలో నేను 2021లో రాసిన ఆ పాత సీట్ల పేజీ అలాగే ఉంచాను, మార్చలేదు. అందరూ మౌస్ తీగను తీసి బల్ల కింద పెట్టండి. ల్యాప్‌టాప్ తెచ్చినవారు టచ్‌ప్యాడ్ మీద ఒక కాగితం అంటించండి. గుంటూరు నుంచి హైదరాబాదుకు ఒక టికెట్టు, కిటికీ పక్క సీటు. మొదట ట్యాబ్ నొక్కండి. ఫోకస్ ఎక్కడుందో కనపడనప్పుడల్లా ఆగి, ఎన్నో ట్యాబ్ దగ్గర పోయిందో కాగితం మీద రాసుకోండి.